బలరాం మావయ్య మూడు స్టెంట్లు

మా బలరాం మావయ్యకి ఒకటే అలవాటు. కనిపించిన ప్రతివాడికీ తన గుండెకాయ చూపిస్తాడు.

మనసు విప్పి మాట్లాడతాడని కాదు నేను చెప్పేది. నిజంగానే చూపిస్తాడు. నలుపూ తెలుపూ బొమ్మలో, రక్తనాళాలతో సహా, డెబ్బై సెకన్లపాటు. పెళ్ళిళ్ళలో, బారసాలల్లో, పాల బూత్ దగ్గర, కిందటి ఎన్నికల్లో ఓటు వెయ్యడానికి నిలబడ్డ వరసలో కూడా.

"ఇదిగో, ఈ నల్లగీత చూసేవా? ఇక్కడ సన్నబడిపోనాది, చూడు. అదే బ్లాకు. ఇక్కడొకటి, ఇక్కడొకటి, ఈ మూల ఇంకోటి. మూడు! మూడు స్టెంట్లు బావూ!"

ఆ 'మూడు' అనేటప్పుడు ఆయన మొహం చూడాలి. ఒకే ఏడు మూడు ప్రమోషన్లు వచ్చినవాడికి కూడా అంత వెలుగు రాదు. రెండు స్టెంట్లున్నవాళ్ళని ఆప్యాయంగా, ఒకటున్నవాళ్ళని జాలిగా చూసేవాడు. ఒక్కటీ లేనివాళ్ళతో, "పరవాలేదు, నీకింకా వయసుంది" అనేవాడు.

ఆయన నాకు సొంత మావయ్య కాదు. భిలాయ్ సెక్టర్ నాలుగులో మాదీ ఆయనదీ ఎదురెదురు క్వార్టర్లు. స్టీల్ ప్లాంటులో మా నాన్నా ఆయనా ఒకే మిల్లు, ఒకే షిఫ్టు. అంచేత నేను పుట్టినప్పట్నుంచీ ఆయన నాకు మావయ్య, ఆయన భార్య పోలమ్మ నాకు అత్త. ఆయన ముప్పై నాలుగేళ్ళు క్రేన్ నడిపాడు. మిల్లు చప్పుడులో పైనుంచి అరిచి అరిచి ఆ గొంతు అలాగే ఉండిపోయింది. ఆయన పోలమ్మత్త చెవిలో రహస్యం చెబితే మా ఇంట్లో మా ఆవిడ జవాబు చెప్పేది.

ఈ గుండె బొమ్మ, అంటే ఆంజియోగ్రామ్ వీడియో, మొదట్లో సీడీలో ఉండేది. ఎవరింటికి వెళ్ళినా ఒక బజారు సంచీ పట్టుకెళ్ళేవాడు. అందులో సీడీ, దాన్ని ఆడించే ప్లేయరు, మూడు రంగుల వైర్లు. మీ టీవీకి ఎలా తగిలించాలో మీకు తెలియకపోయినా ఆయనకి తెలుసు.

ఒకసారి మా వీధిలో రజనీకుమారి టీచర్ సత్యనారాయణ వ్రతం చేసుకుంది. ఆవిడ స్కూల్లో లెక్కలు చెబుతుంది, లెక్క తప్పితే దేవుణ్ణయినా నిలబెట్టే రకం. కథ మూడో అధ్యాయంలో ఉండగా వెనక టీవీలో మావయ్య గుండె మొదలైంది.

"మావయ్యా, ఇది వ్రతం" అన్నాను చెవిలో.

"వ్రతమైతే ఏటి? వ్రతానికొచ్చినోడికి గుండె ఉండదేటి?"

పంతులుగారికి చూపు తక్కువ. కథ ఆపి, కళ్ళజోడు సర్దుకుని, తెర మీద పాయలు పాయలుగా విడిపోతున్న నల్లటి గీతల్ని భక్తిగా చూశాడు.

"ఏ నదండీ ఇది? గోదావరా?"

"గుండెండీ."

"ఆహా" అని పంతులుగారు దానిమీద కూడా రెండు అక్షింతలు వేశాడు.

సీడీ ప్లేయర్ల కాలం వెళ్ళిపోయినప్పుడు మా సెక్టరంతా ఊపిరి పీల్చుకుంది. అది వారం రోజులే. సివిక్ సెంటర్లో ఎవడో మొబైల్ షాపువాడు ఆ బొమ్మని మావయ్య ఫోన్లోకి ఎక్కించి పెట్టాడు. అప్పట్నుంచి సంచీ అక్కర్లేదు, వైర్లు అక్కర్లేదు, కరెంటు పోతుందన్న ఆశ కూడా మాకు మిగల్లేదు. ఒక చేత్తో ఎదుటివాడి భుజం పట్టుకునేవాడు, రెండో చేత్తో ఫోను. ఆ ఫోను పైమూల మీద ఆయన బొటనవేలు ఎప్పుడూ ఉండేది. పట్టుకోవడం రాదేమో పాపం అనుకునేవాణ్ణి.

ఈ మూడు స్టెంట్ల చరిత్ర మా అందరికీ కంఠతా వచ్చు. పదేళ్ళ కిందట సెలవు పెట్టి విశాఖపట్నం వెళ్ళినప్పుడు గుండె నొప్పి వచ్చిందట. అక్కడే చేయించుకుని, ఎవరికీ చెప్పకుండా తిరిగొచ్చాడట. "చెప్తే మీరు బెంగెట్టుకుంటారని" అనేవాడు. వచ్చిన ఏడాదికి చెప్పాడు. ఆ తరవాత ఆపలేదు.

ఆయన దగ్గర ఒకే ఒక్క మాట నిషిద్ధం. 'గ్యాస్'. ఛాతీలో పట్టేసినట్టుందని చెప్పి, "గ్యాసేమోలే" అన్నవాడితో మూడు రోజులు మాట్లాడేవాడు కాదు. ఆ మూడు రోజులూ వాడి ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, వాడు ఆసుపత్రికి వెళ్ళేదాకా.

రజనీకుమారి టీచర్ ఒకరోజు పాల బూత్ దగ్గర దవడ పట్టుకుని నిలబడింది.

"ఏటమ్మా టీచరమ్మా, పన్నా?"

"పన్నే అనుకుంటా. మెట్లెక్కితే వస్తుంది. కూర్చుంటే పోతుంది."

"పన్నుకి మెట్లతో ఏటి పని?"

మావయ్య అక్కడే, పాల డబ్బాల మీద ఫోను నిలబెట్టి పాఠం మొదలుపెట్టాడు.

"చూడమ్మా. కొవ్వు రక్తంలో తేలతా వచ్చి నరానికి అడ్డం పడిపోద్దనుకుంటారు అందరూ. కాదు. అది నరం గోడ లోపల చేరతాది, లోపలి పొర కింద. మనకి ఇరవయ్యేళ్ళప్పుడే మొదలవుద్ది. అలగే పెరుగుతాది, గెడ్డలాగ. దాన్ని ప్లాకంటారు. దాని మీద పలచటి తొక్క ఉంటాది. గెడ్డ పెరిగి దారి సన్నబడితే, నువ్వు మెట్లెక్కినప్పుడు గుండెకి రక్తం చాలదు. అప్పుడు నొప్పి. కూర్చుంటే పోద్ది. ఇప్పుడు నీది అదే."

"మరి హార్ట్ ఎటాక్ అంటే?"

"అది ఇంకోటి. ఆ తొక్క ఒకరోజు చిరిగిపోద్ది. రక్తం ఏటనుకుంటాదంటే, ఓలమ్మో దెబ్బ తగిలీసిందని పరిగెత్తుకొచ్చి గడ్డ కట్టీసిద్ది. మోకాలు దోక్కుంటే చెక్కు కడతాదా, అలగే. మోకాలి మీదైతే మంచిదే. గుండె నరంలో కడితే దారి మూసుకుపోద్ది. దాని ఎనకాల ఉన్న కండ నిమిషం నిమిషానికీ చచ్చిపోతాది. అందుకే బేగి ఎల్లాల."

"బలరాంగారూ, మీరు సైన్సు టీచర్ కావలసింది."

"నాను ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పేనమ్మా."

"కోస్తారా?" అంది ఆవిడ, గొంతు తగ్గించి.

"కొయ్యడమేటి! ఇదిగో ఇక్కడ" అని కుడి మణికట్టు మీద చిన్న మచ్చ చూపించాడు. "ఇక్కడ చీమ కుట్టినట్టు ఉంటాది. సన్న తీగొకటి ఇలగ గుండెదాకా పంపుతారు. దాని మీద బెలూను. బెలూను ఉబ్బితే ప్లాకు గోడకి నొక్కుకుపోద్ది. మళ్ళీ మూసుకోకుండా స్టెంటు, అంటే జల్లెళ్ళాటి చిన్న గొట్టం, అక్కడ ఉండిపోద్ది. నాను టీ తాగినంతసేపు కూడా పట్టలేదు. చూడు, నాకు మూడున్నాయి. గుర్రంలాగ లేనా?"

వారంలో ఆవిడకి పరీక్ష అయింది, ఒక స్టెంటు పడింది. మావయ్య పళ్ళు పట్టుకుని చూడ్డానికి వెళ్ళి, "ఒకటేనా?" అని ఓదార్చి వచ్చాడు.

ఇలా ఆయన వెంటపడి పంపినవాళ్ళు పంతొమ్మిది మంది. కొందరికి మాత్రలే ఇచ్చి పంపారు, కొందరికి స్టెంట్లు వేశారు, మూడు నాళాలూ బాగా మూసుకుపోయిన ఒకాయనకి బైపాస్ చేశారు. ఈ పంతొమ్మిది మందిలో మొదటివాడు సింహాద్రి. హథ్‌ఖోజ్‌లో ఒక లేతు వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఇద్దరిదీ గజపతినగరం దగ్గర ఒకే ఊరు. ఇద్దరూ రోజూ రాత్రి భోజనం కాగానే అరుగు మీద కూర్చుని గుండె మాత్రలు కలిసి వేసుకునేవారు. సింహాద్రి నీళ్ళతో మింగేవాడు. మావయ్య నీళ్ళు లేకుండానే నోట్లో వేసుకుని కళ్ళు మూసుకునేవాడు. మగాడంటే ఆయన అనుకునేవాణ్ణి.

ఇంకోమాట చెప్పాలి. గుండె రోగిగా పేరుపడ్డాడు కనక సెక్టర్ నాలుగులో మావయ్యకి నూనె చుక్క దొరికేది కాదు. పెళ్ళి విందుల్లో ఆయన విస్తరికి బూరెలు రాకుండా కాపలా కాసేవాళ్ళు. ఒకసారి మా బావమరిదిని దింపడానికి చరోదా రైల్వే కాలనీకి వెళ్ళాను. అక్కడ మిరపకాయ బజ్జీల బండి వెనక ఒక మనిషి, మొహమంతా కప్పే హెల్మెట్ పెట్టుకుని, అద్దం కొంచెం ఎత్తి లోపలికి బజ్జీలు పంపిస్తున్నాడు. పక్కన సైకిలుంది. సైకిలుకి హెల్మెట్ పెట్టుకునే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

"మావయ్యా!"

"నాను బలరాం కాను" అంది హెల్మెట్. యార్డులో గూడ్సు బండి డ్రైవరు తిరిగి చూశాడు.

"మరెవరు?"

"బలరాం అన్నయ్యని."

"నీకు అన్నయ్య లేడు మావయ్యా."

"ఉంటే ఇలగే తినీవోడు." తరవాత అద్దం ఎత్తి, మొట్టమొదటిసారి నా ముందు దీనంగా అన్నాడు: "ఎవలికీ చెప్పకు బావూ. సింహాద్రికి అసలు చెప్పకు. ఆడు నన్ను చూసే పత్తెం చేస్తున్నాడు."

చెప్పలేదు. మూడు స్టెంట్లున్న మనిషి ఇలా తినడం తప్పని మాత్రం దారిపొడుగునా చెప్పాను. తలాడించి ఇంకో బజ్జీ తీసుకున్నాడు.

కిందటి ఏప్రిల్ ఆఖరి ఆదివారం రజనీకుమారి టీచర్ రిటైర్మెంటు భోజనాలు. పదకొండు గంటలవేళ, బయట ఎండ పేలిపోతోంది, లోపల కూలర్ మోత. మావయ్య టీచర్‌గారి స్నేహితుల్ని నలుగుర్ని సోఫాలో కూర్చోబెట్టి వాళ్ళ ముందు నిలబడి ఫోను చూపిస్తున్నాడు.

"నొప్పి ఎలగొస్తాదంటే, గుండెల మీద ఏనుగు కూర్చున్నట్టు. ఎడం చెయ్యి లాగుతాది. చెమట... ఎండకి పట్టే చెమట కాదు... చల్లటి చెమట... ఇదిగో ఇలగ..."

నుదుటి మీద నిజంగానే చెమట. మొహం బూడిద రంగు. ఒక చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది. మెల్లిగా నేల మీద కూర్చుండిపోయాడు.

"వాహ్ భాయ్సాబ్!" అని ఒకావిడ చప్పట్లు కొట్టింది.

మేమందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. వంటింట్లోంచి పోలమ్మత్త గరిటెతో బయటికొచ్చి ఆయన్ని ఒక్క క్షణం చూసింది.

"నవ్వుతారేటి? ఆయనకి ఇంత బాగా నటించడం రాదు. సతీషూ, కారు తీ!" అంది నాకేసి చూసి.

"గ్యాసే పోలీ" అన్నాడు మావయ్య కిందనుంచి.

ఆ మాట విన్నాక మాకు నిజంగా భయమేసింది.

టీచర్ అప్పటికే ఆసుపత్రికి ఫోన్ చేసింది. అవతల డాక్టర్ రెండు ప్రశ్నలడిగి, ఆస్పిరిన్ నమిలించి వెంటనే తీసుకురమ్మంది. టీచర్ తన సంచీలోంచి మాత్ర తీసి, "నమలండి. మింగకూడదు, నమలాలి. నాకు నేర్పింది మీరే" అని బడిపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. నేనూ అత్తా ఆయన్ని కార్లో వేసుకుని బయల్దేరాం. భోజనాలకొచ్చిన సింహాద్రి స్కూటర్ మీద వెనకే వచ్చాడు.

పన్నెండు నిమిషాల్లో ఆసుపత్రి, ఇంకో ఐదు నిమిషాల్లో ఈసీజీ. డాక్టర్ మధులత భిలాయ్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. తెలుగులో మొదలుపెట్టి హిందీలో పూర్తి చేస్తుంది.

"గుండె ముందువైపుకి వెళ్ళే పెద్ద నాళం మూసుకుపోయింది. ఫౌరన్, ఇప్పటికిప్పుడే తెరవాలి. ఇంతకుముందు ఏమైనా చేశారా?"

ఇది నాకు కంఠతా వచ్చిన పాఠం. "మూడు స్టెంట్లు మేడమ్. విశాఖపట్నంలో."

"లేవు" అన్నాడు మావయ్య స్ట్రెచర్ మీంచి.

"మేడమ్, ఆయనకి తెలివి సరిగ్గా లేదు."

"తెలివిగానే ఉన్నాడు" అంది పోలమ్మత్త. "ఒక్కటీ లేదమ్మా. ఈయన గుండె జోలికి ఇంతవరకూ ఎవలూ ఎల్లలేదు."

"అత్తా! మరి మణికట్టు మీద మచ్చ?"

"అట్ల పెనం కాలింది."

"రోజూ వేసుకునే మాత్రలు?"

"పిప్పరమెంట్లు."

డాక్టర్ నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. లేని స్టెంట్లు నేనే ఆయనకి అంటగట్టానన్నట్టు చూసింది. తరవాత ఒప్పుదల కాగితం మావయ్య ముందు పెట్టింది.

అప్పుడు జరిగింది నేను ఊహించనిది. పంతొమ్మిది మందికి చీమ కుట్టినట్టే ఉంటుందని చెప్పిన మనిషి, స్ట్రెచర్ కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"నన్ను ఇంటికి తీసుకెల్లిపో సతీషూ. నాను ఎట్టను సంతకం. గుండెలోకి తీగేటి? నాకు భయం. అందులో పోతే?"

"అంకుల్, ప్రతి నిమిషం కండ పోతోంది" అంది డాక్టర్.

"తెలుసమ్మా. నానే చెప్పేను అందరికీ. అయినా భయమే."

పోలమ్మత్త బతిమాలింది, నేను కేకలేశాను. ఆయన తల అడ్డంగా ఆడిస్తూనే ఉన్నాడు. వెనకనుంచి సింహాద్రి ముందుకొచ్చాడు. ఎంతసేపట్నుంచి అక్కడ నిలబడ్డాడో, అన్నీ విన్నాడు.

"నీకు లేవా?" అన్నాడు.

మావయ్య కళ్ళు మూసుకున్నాడు.

"నీకు ఏస్తేనే కదరా నాను ఏయించుకున్నాను! తొమ్మిదేళ్ళు నా పక్కన కూకోని పిప్పరమెంట్లు మింగేవా?"

"మింగలేదురా. చప్పరించేను."

"ఎందుకురా?"

"మరేటి చేస్తాను? నువ్వు సంతకం ఎట్టనన్నావు. రేపో ఎల్లుండో పోతాడని అప్పటి డాక్టరు నాతో చెప్పీసేడు. బయటికొచ్చి వరండాలో ఏడిచేను. లోపలికొచ్చి అబద్ధం చెప్పేను. నువ్వు నమ్మేవు. తర్వాత ఆపీద్దామనుకున్నాను. నువ్వు ఒకరోజు, బలరాం మానీస్తే నానూ మాత్రలు మానీస్తానన్నావు. ఇంకేటి ఆపుతాను?"

సింహాద్రి మీసం కదిలింది. తరవాత డాక్టర్ చేతిలోంచి పెన్ను తీసుకుని మావయ్య వేళ్ళ మధ్య పెట్టాడు.

"సంతకం ఎడతావా, లేపోతే ఇప్పుడే ఎల్లి సెక్టర్ నాలుగు మార్కెట్లో నిలబడి బలరాంకి ఒక్క స్టెంటూ లేదని చెప్పీమంటావా?"

"ఒరే! పరువురా!"

"ఎట్టు."

పెట్టాడు. పేరులో ఒక అక్షరం తప్పు పడింది గాని డాక్టర్ ఏమీ అనలేదు. స్ట్రెచర్ తలుపులోపలికి వెళ్ళింది.

వరండాలో కూర్చున్నప్పుడు మిగతా కథ పోలమ్మత్త చెప్పింది. తొమ్మిదేళ్ళ కిందట సింహాద్రి పక్క మంచంలో ఉతయ్ గ్రామం నుంచి వచ్చిన దేవాంగన్ అనే ముసలావిడ ఉండేదట. ముందురోజే ఆవిడకి మూడు స్టెంట్లు వేశారు. ఆవిడ కొడుకు దగ్గర సీడీలు రెండున్నాయి. మావయ్య అతని చేతులు పట్టుకుని అడిగితే ఒకటి ఇచ్చాడు. బొమ్మ పైమూల ఆవిడ పేరూ, అరవై ఒకటి, ఆడ అని వయసూ ఉన్నాయి. టీవీలో వేసే రోజుల్లో ఆ మూల మీద అత్త బొట్టుబిళ్ళ అంటించేది. ఫోను వచ్చాక బొటనవేలు.

"అత్తా, నువ్వెలా ఊరుకున్నావు?"

"ఏటనగలను? ఒకరోజు మానీమన్నాను. ఆరోజే టీచరమ్మని పంపేడు."

ముప్పావుగంటకి డాక్టర్ మధులత మమ్మల్ని లోపలికి పిలిచి తెర చూపించింది. ముందు బొమ్మలో గీత సగంలో తెగిపోయి ఉంది, కత్తిరించిన దారంలా. తరవాత బొమ్మలో అది గుండె చివరిదాకా పారింది.

"ఈ ప్లాక్ పెద్దదేం కాదు. దారి సగం కూడా మూసుకుని ఉండదు. అందుకే నిన్నటిదాకా నొప్పి లేదు, సైకిల్ తొక్కారు. కానీ ఇవాళ అది చిరిగింది, మీద రక్తం గడ్డ కట్టింది. త్వరగా తెచ్చారు, కండ చాలావరకు దక్కింది. మీరు కారులో ఉన్నప్పుడు ఎవరో టీచర్ రెండోసారి ఫోన్ చేసి మమ్మల్ని సిద్ధంగా ఉండమన్నారు. చాలా మంచి పని, బహుత్ అచ్ఛా కియా."

పోలమ్మత్త తెర దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూసింది. "ఇన్నాళ్ళూ వేరేవాళ్ళది చూసేను. ఈయనది ఇదే మొదటిసారి" అంది.

సాయంత్రం ఆయన కళ్ళు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న: "ఎన్ని?"

"ఒకటి అంకుల్."

"ఒకటేనా? సరిగ్గా చూసేవా తల్లీ?"

"మిగతా నాళాలు బాగున్నాయి."

"బాగున్నాయా" అన్నాడు నీరసంగా. "ఊరంతా మూడని చెప్పీసేను. ఇంకో రెండు ఏసీరాదా?"

డాక్టర్ నవ్వు ఆపుకుని చీటీ రాసింది. గడ్డ కట్టకుండా చూసే మాత్రలు రెండు రకాలు, తను చెప్పేవరకూ ఒక్కరోజు మానకూడదు. కొలెస్ట్రాల్ మాత్ర ఎప్పటికీ. ఖైనీ పొగాకు బంద్, బజ్జీలు బంద్, చెప్పినంత నడక.

"ఇంతకాలం ఒక్క పరీక్షా ఎందుకు చేయించుకోలేదు అంకుల్?"

"స్టెంట్లున్నోణ్ణి, రక్తపరీక్షకొచ్చి కొత్త పేషెంటునని చెప్తే బాగోదు కదమ్మా."

"పిప్పరమెంట్లు కూడా బంద్. మీకు షుగర్ ఉంది." చీటీ చేతికిస్తూ అంది: "బలరాంగారు పంపారు అని మా దగ్గరికి చాలామంది వస్తుంటారు. మీరు డాక్టరో, మందుల కంపెనీ మనిషో అనుకున్నాను ఇన్నాళ్ళూ."

డాక్టర్ కాక ఈ సంగతి తెలిసిన మేం నలుగురం ఎవరికీ చెప్పకూడదని ఒప్పందం చేసుకున్నాం. సెక్టర్లో ఇప్పుడు ఆయనకి నాలుగు స్టెంట్లని ప్రచారం. ఎవరు మొదలుపెట్టారో నాకు తెలీదు. సింహాద్రిని అడిగితే మీసం దువ్వుకున్నాడు.

ఆరు వారాలయ్యాక డాక్టర్ ప్రయాణం చెయ్యొచ్చంది. మావయ్య నన్ను ఉతయ్ తీసుకెళ్ళమన్నాడు. దేవాంగన్ ముసలావిడకి క్షమాపణ చెప్పుకోవాలట. దారంతా చెప్పబోయే మాటలు తనలో తనే గొణుక్కున్నాడు. అది నాకు కొత్త.

ఆవిడ బతికే ఉంది. డెబ్బై ఏళ్ళు, వాకిట్లో కూర్చుని వడియాలు పెడుతోంది. ఊరంతా దాయీ అంటారు, అంటే అమ్మ అని. మావయ్య చేతులు కట్టుకుని, వచ్చీరాని ఛత్తీస్‌గఢీలో అంతా చెప్పాడు. దాయీ పిండిచెయ్యి గాల్లోనే ఉంచి వింది.

"అంటే తొమ్మిదేళ్ళు నా గుండెని ఊరంతా తిప్పావా?"

"తిప్పాను దాయీ. తప్పే."

"ఎంతమంది చూశారు?"

"లెక్క లేదు. ఆసుపత్రికి వెళ్ళింది పంతొమ్మిది మంది."

"బతికున్నారా?"

"అందరూ ఉన్నారు."

ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చింది. "నాకొకసారి చూపించు. నాదాన్ని నేనే చూడలేదు."

మావయ్య ఫోను ఇచ్చాడు, బొటనవేలు తీసేసి. డెబ్బై సెకన్లు దాయీ రెప్ప వెయ్యలేదు. "అబ్బడ్ సుగ్ఘర్ హే" అంది. ఎంత బాగుందో అని. తరవాత లేచి, చీర కొంగు దోపుకుని, ఇద్దర్నీ రమ్మని వీధిలోకి నడిచింది.

మూడో ఇంట్లో సాహూ అనే అరవయ్యేళ్ళ మనిషి మంచం మీద కూర్చుని ఉన్నాడు. పొలానికి నడిస్తే గుండె పట్టేస్తోందట. పరీక్షకి రమ్మని డాక్టర్లు చెప్పి రెండు నెలలైంది. గ్యాస్ అని కషాయం తాగుతున్నాడట.

మావయ్య అతని పక్కన కూర్చున్నాడు. చీమ గురించి చెబుతాడని నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. నోరు తెరిచాడు. మూశాడు.

"భయంగా ఉందా?" అని అడిగాడు.

సాహూ తల దించుకుని ఊఁ అన్నాడు.

"నాకూ భయమేసింది. మంచం కమ్మీ పట్టుకుని వదల్లేదు. ఇంటికి పోతానని ఏడ్చాను. డాక్టరమ్మ ముందు, మా ఆవిడ ముందు, ఇదిగో ఈ సతీష్ ముందు."

సాహూ తలెత్తి నన్ను చూశాడు. నేను నిజమేనని తలూపాను.

"మరి?"

"మరేముంది? సంతకం పెట్టాను. ఇవాళ నీ పక్కన కూర్చున్నాను."

సాహూ గడ్డం తడుముకుని, రేపు వెళ్దామన్నాడు. దాయీ అప్పటికే అతని చెప్పులు నా కారు దగ్గర పెట్టించింది. గడ్డం గీసుకుంటానన్నాడు, కుదరదంది. మంచి చొక్కా వేసుకుంటానన్నాడు, దానికి మాత్రం ఒప్పుకుంది. నన్నెవరూ అడగలేదు. పిలిచి డోర్ తియ్యమన్నారు, తీశాను.

"నొప్పి ఉంటుందా?" అన్నాడు సాహూ ముందు సీట్లో కూర్చుని.

"కొంచెం ఉంటుంది" అన్నాడు మావయ్య. "భయం ఇంకొంచెం ఉంటుంది. నేను బయట బెంచీ మీదే ఉంటాను."

సాహూ అద్దం దించాడు. వీధి మలుపులో గేదెల్ని తోలుకొస్తున్న మనిషి కనబడితే, నన్ను కారు ఆపమని, తల బయటికి పెట్టి, తాను గుండె చూపించుకోవడానికి వెళ్తున్నానని చెప్పాడు. కిరాణా కొట్టు దగ్గర మళ్ళీ ఆపమన్నాడు. ఊరు దాటేలోపు ఏడుగురికి చెప్పాడు.